కలిసిన ధ్వనులు విడిపోవునా?



పులుసులో ఉప్పు ఎక్కువైనచో దానిని మరల తీయగల యిల్లాలు లేదు. ఉప్పు, పులుపు, కారము వేరువేరు గిన్నెలలో నున్నంతవరకే పని మన చేతిలో నుండును. చలనచిత్రములకు ధ్వనిని కూర్చువారి కష్టమును ఇట్టిదే యని మా యింట జరిగిన సంగతివలన తెలిసికొంటిమి.

మా అత్తగారు గజేంద్రమోక్షపు కథ చెప్పుటలో మిక్కిలి నేర్పరి. రెండేండ్ల క్రిందట మా మరిది యామె కంఠమును రికార్డు చేసి, వెనుక వీణయు, కొలనినీటి చప్పుడును చేర్చి, డావించి రిసాల్వ్ అను సాఫ్ట్‌వేరుతో చిన్న చిత్రము చేసెను. అందరము విని మురిసితిమి. నిరుడు అత్తగారు పరమపదించిరి. ఆమె గొంతు మాత్రమే వినవలెనని మావారు కోరిరి. షికాగోలోని మా ఆడబిడ్డయో, ఆ వీణనే యుంచి కథను తన పిల్లలకు ఇంగ్లీషులో చెప్పెదనని వ్రాసినది. రెండును కాలేదు. మరిది మూడు ధ్వనులను ఒక్క దారిలోనికే పంపి, కలిసినదానిని మాత్రము దాచి, తక్కినవి చెరిపివేసియుండెను.

ఆ దారికే ‘బస్సు’ అని పేరు. మనము సంతకు పోవు బస్సు కాదు. అయినను రెండింటి పుట్టుక యొక్కటే. ‘అందరికొరకు’ అను అర్థముగల ఓమ్నిబస్ అను లాటిన్ పదపు తోక యిది. సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క ధ్వని ఒక్కొక్క ట్రాకుపై నుండును. మాటల ట్రాకులు పది యున్నను అన్నిటిని మాటల బస్సులోనికి, వాద్యములను సంగీతపు బస్సులోనికి, అడుగుల సవ్వడి, వాన మొదలగువానిని చప్పుళ్ల బస్సులోనికి పంపుదురు. వాగులు ఉపనదులై గోదావరిలో కలిసినట్లు, ఈ మూడును తుదకు ప్రధానమైన బస్సులో కలియును. సంగీతము మాటలను మ్రింగుచున్నచో ఇరువది ట్రాకులను ముట్టనక్కరలేదు; ఆ బస్సునకుగల ఫేడరు అను ఒక్క మీటను తగ్గించిన చాలును.

ట్రాకును దాని దారిని పోనిచ్చుచునే, కొంత పాలు ‘సెండు’ అను పిల్లకాలువ గుండ వేరొక బస్సునకు పంపవచ్చును. అందు గుడిమంటపపు ప్రతిధ్వని నుంచినచో అందరి మాటలును ఒకే మంటపమున పలికినట్లుండును.

మూడు బస్సులను వేరువేరుగా దాచిన ఫైళ్లకు స్టెములని పేరు. మాటలు లేక, సంగీతమును చప్పుళ్లును మాత్రమే యున్న ప్రతిని ఎం అండ్ ఇ యందురు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ హిందీ, మలయాళములలోనికి మార్చబడినది కదా! ఇట్టి మార్పులకు ఆ ప్రతియే యాధారము. అడుగుల సవ్వడి ట్రాకు పొరబాటున మాటల బస్సులో పడెనా, తెలుగులో చప్పుడుగా నడచిన నాయకుడు హిందీలో దయ్యమువలె నడచును!

కలిసిన ధ్వనినుండి కంఠమును వేరుచేయు యంత్రబుద్ధి సాధనములు నేడు లేకపోలేదు. మేమును ప్రయత్నించితిమి. గొంతు వచ్చినది గాని, వాక్యాంతమున అత్తగారు విడుచు నిట్టూర్పు వీణతోపాటే పోయినది.

ఇప్పుడు మా మరిది మామగారిచేత కథలు చెప్పించుచున్నాడు. గొంతునకొక బస్సు, వీణకొకటి, నీటికొకటి. మూడింటి ఫైళ్లును రెండేసి చోట్ల దాచుచున్నాడు. మామగారు మాత్రము, “వీణ యెందుకమ్మాయీ, నా గొంతు చాలదా?” అని మమ్మడుగుచున్నారు.