రాయి దూరం కాళ్లలోనే ఉంది

స్కాట్లాండ్‌లో ఏటా వేసవి రోజుల్లో ఊరూరా హైలాండ్ గేమ్స్ జరుగుతాయి. కిల్టు కట్టిన భారీకాయులు పచ్చిక మైదానంలో నిలబడి దుంగలు ఎగరేస్తారు, సుత్తులు విసురుతారు, రాళ్లు వేస్తారు. వీటిలో బ్రేమార్ ఊళ్లో సెప్టెంబరు మొదటి శనివారం జరిగే పోటీలకు పేరెక్కువ. 1848లో విక్టోరియా మహారాణి స్వయంగా వచ్చి చూసింది. అక్కడ రాయి వేసేవాణ్ని చూసినవాళ్ల కళ్లు ముందుగా పడేది అతని భుజాల మీదే. దూరమంతా ఆ భుజాల చలవే అనిపిస్తుంది. కొత్తగా సాధన మొదలుపెట్టిన కుర్రాళ్లు కూడా అలాగే నమ్ముతారు. అందుకే ఓ పక్క చేతి బలం పెంచుకుంటూ, మరో పక్క మొదటి వారం నుంచే గిరగిరా తిరిగి రాయి వదలాలని తొందరపడతారు. ఈ రెండూ తప్పుదారులే అని నా అభిప్రాయం. రాయి ఎంత దూరం పోతుందో తేల్చేవి కాళ్లు, నడుము, అవి కదిలే వరస. ఆ వరస ఒంటబట్టాలంటే సాధనలో ఎక్కువ భాగం పరుగూ తిరుగుడూ లేకుండా, నిలబడి వేయడానికే ఇవ్వాలి.

ఆట నియమాల్లోనే దీనికి ఆధారం ఉంది. రాతి పోటీలు రెండు రకాలు. బ్రేమార్ స్టోన్ అనే పోటీలో మగవాళ్లకు రాయి బరువు 20 నుంచి 26 పౌండ్లు, అంటే సుమారు 9 నుంచి 12 కిలోలు. ముందు ట్రిగ్ అనే చెక్క అడ్డు ఉంటుంది. దాని వెనక నిలబడి వేయాల్సిందే, ఒక్క అడుగు పరుగు కూడా ఉండదు. ఓపెన్ స్టోన్‌లో రాయి తేలిక, 16 నుంచి 22 పౌండ్లు. ట్రిగ్ వెనక సాధారణంగా ఏడున్నర అడుగుల జాగా ఇస్తారు. అందులో వెనక్కి జారుతూ వచ్చే గ్లైడ్ అయినా, గుండ్రంగా తిరిగే స్పిన్ అయినా ఆటగాడి ఇష్టం. రెండింటిలోనూ ఒంటిచేత్తోనే వేయాలి, వదిలే క్షణం దాకా రాయి మెడ పక్కనే ఆని ఉండాలి. మన స్కూళ్లలో ఆడే షాట్‌పుట్ ఈ కుటుంబానిదే.

ఇక లెక్క చూద్దాం. రాయి చేతిని వదిలేటప్పుడు దాని వేగం, కోణం, ఎత్తు, ఈ మూడే దూరాన్ని నిర్ణయిస్తాయి. ఎత్తు మనిషి పొడుగును బట్టి ఉంటుంది, దాన్ని పెద్దగా మార్చలేం. కోణం గురించి చాలామంది అనవసరంగా బెంగపడతారు. పాఠ్యపుస్తకం 45 డిగ్రీలంటుంది గానీ, మంచి షాట్‌పుట్ ఆటగాళ్లు 35 నుంచి 40 డిగ్రీల మధ్యే వేస్తారు. రాయి నేల మీంచి కాక తల ఎత్తు నుంచి బయల్దేరడం ఒక కారణం. మనిషి ఒళ్లు నిటారుగా పైకి కన్నా ముందుకే బలంగా తోయగలగడం రెండో కారణం. సెకనుకు 9 మీటర్ల వేగంతో, 38 డిగ్రీల కోణంలో, రెండు మీటర్లకు కాస్త పైనుంచి వదిలిన రాయి సుమారు 10 మీటర్లు పోతుంది. కోణం 34కు తగ్గితే పోయేది జానెడు కూడా కాదు. అదే వేగం పదో వంతు పెరిగితే రాయి దాదాపు 12 మీటర్ల దగ్గర పడుతుంది. కాబట్టి వెతుక్కోవాల్సింది వేగాన్నే. అది కావాలంటే రాయిని ఎక్కువ దారి పొడవునా తోస్తూ రావాలి. చేయి ఒక్కటే పనిచేస్తే రాయికి దొరికే దారి చేయి పొడవంత. వెనక్కి తిరిగి, కుడి మోకాలు వంచి, అక్కడి నుంచి కాలితో మొదలుపెడితే దారి రెట్టింపు దాకా పెరుగుతుంది. పైగా ఆ దారిలో మొదటి సగం మీద పనిచేసేవి ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు.

సాధన ఈ లెక్కను అనుసరించాలి. మొదట రాయే వద్దు. బరువైన మెడిసిన్ బాల్‌ను రెండు చేతులా ఛాతీకి ఆనించుకుని, మోకాళ్లు వంచి లేస్తూ ముందుకు తోయాలి. కాళ్లు కదలకుండా చేతులతో తోస్తే బంతి ఎంత దగ్గర పడుతుందో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే కసరత్తు. కుడిచేతి వాటం వాడు వేసే వైపుకు వీపు పెట్టి, బరువంతా వంగిన కుడికాలి మీద నిలపాలి. గడ్డం, కుడి మోకాలు, కుడి పాదం ఇంచుమించు ఒకే నిలువు గీతలో ఉండాలి. అక్కడి నుంచి కుడి పాదాన్ని, మోకాలిని, తుంటిని వరసగా ముందుకు తిప్పాలి. రాయి మాత్రం వదలకూడదు. ఛాతీ ముందుకు తిరిగేసరికి ఆగిపోవాలి. విసుగు పుట్టించే పని, ఒప్పుకుంటాను. కానీ తుంటి ముందు, భుజం తర్వాత అన్న వరసను ఒంటికి నేర్పేది ఇదే. ఆ తర్వాత రెండు పాదాలూ నేల విడవకుండా నిలబడి వేయడం. ఇందులో ఎడమకాలు గట్టిగా నిలబడి ఒంటిని ఆపితేనే ఆ ఊపంతా రాయిలోకి పోతుంది. ఎడమ మోకాలు మెత్తబడితే ఊపు నేలపాలవుతుంది. మోచేయి కిందికి జారకుండా చూసుకోవాలి. జారితే రాయి మెడను ముందే వదిలి బంతి విసిరినట్టవుతుంది. అది ఫౌల్, మోచేతికీ భుజానికీ గాయం కూడా. రాయి పట్టు విషయంలో షాట్‌పుట్ అలవాటు పూర్తిగా పనికిరాదు. ఇనప గుండు నున్నగా, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. రాయి ఊరికొక ఆకారం. చదునైన ముఖం మెడకు, వేళ్లకు ఆసరా ఇచ్చే ఎగుడు వెనక్కి వచ్చేలా ముందే తిప్పి చూసుకోవాలి.

గెలిచేవాళ్లంతా బలశాలులే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1983, 1985 సంవత్సరాల్లో ప్రపంచ బలశాలి బిరుదు గెలిచిన జెఫ్ కేప్స్ హైలాండ్ మైదానాల్లోనూ దిగ్గజమే. అయితే ఆయన అంతకుముందే షాట్‌పుట్‌లో ఆరితేరినవాడు. 1980లో 21.68 మీటర్లు వేశాడు. బలం లేనిదే ఈ ఆట లేదు, కానీ బలానికి దారి చూపింది ఏళ్ల తరబడి చేసిన ఆ సాధనే. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. 1975లో అమెరికన్ బ్రయన్ ఓల్డ్‌ఫీల్డ్ స్పిన్‌తో 22.86 మీటర్లు వేశాడు. ప్రొఫెషనల్ కావడంతో దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు గానీ, స్పిన్ సత్తా ఏమిటో లోకానికి తెలిసింది. మరి స్పిన్‌తోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? మేటి ఆటగాళ్లలో నిలబడి వేసినదానికీ గ్లైడ్‌తో వేసినదానికీ తేడా సుమారు ఒకటిన్నర, రెండు మీటర్లు. మిగిలిన దూరమంతా చివరి నిలుపు నుంచి వచ్చేదే. పైగా గ్లైడ్ అయినా స్పిన్ అయినా చివరికి వచ్చి ఆగేది అదే వంగిన కుడికాలి మీద. అక్కడ నిలకడ లేకపోతే తెచ్చుకున్న వేగం కూడా వృథా. స్పిన్ పుట్టి పెరిగింది నున్నటి కాంక్రీటు వలయంలో. స్కాట్లాండ్ వాన తడిపిన పచ్చిక మీద అది ఎక్కువసార్లు మోసం చేస్తుంది.

బరువు పెంచి సాధన చేస్తే చాలనేవాళ్లూ ఉన్నారు. పోటీ రాయికన్నా ఒకటి రెండు కిలోలు ఎక్కువైనది అప్పుడప్పుడు వాడటం మంచిదే. మరీ బరువైనది ఎత్తితే ఒళ్లు నెమ్మదిస్తుంది, తుంటిని ఆపి భుజంతో తోయడం అలవాటవుతుంది. అప్పుడు తేలిక రాయి పట్టినా ఆ నెమ్మదితనమే వస్తుంది.

మన హైస్కూలు మైదానాల్లో షాట్‌పుట్ నేర్పే పీఈటీ మాస్టార్లకు ఒక విన్నపం. గుండు పట్టుకున్న పిల్లవాడికి గ్లైడ్ చూపించే ముందు ఒక నెల నిలబడే వేయించండి. ఎంత దూరం పడిందో టేపు పెట్టి కొలిచే ముందు, ఎడమకాలు ఎలా నిలబడిందో చూడండి.