ముందు కాగితానికి, తర్వాత మనిషికి

మే నెలలో టీవీ వార్తల చివర ఉష్ణోగ్రతల పట్టిక వస్తుంది. రెంటచింతల దగ్గర 44 అని కనిపిస్తే కళింగపట్నం దగ్గర 35 అని కనిపిస్తుంది. అది చూసి పల్నాడువాళ్లు శ్రీకాకుళంవాళ్ల అదృష్టానికి ఈర్ష్య పడతారు. ఆ 35 డిగ్రీల్లోనే, మధ్యాహ్నం మూడింటికి, ఇక్కడ శ్రీకాకుళం తీరంలో అరుగు మీద కూర్చున్న ముసలమ్మ విసనకర్ర ఆపకుండా ఊపుతూ "గాలి ఆడట్నేదర్రా" అంటుంది. థర్మామీటరుకు అందని సంగతి ఆవిడ చెబుతోంది.

లెక్క వేసి చూద్దాం. 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు 28 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న, తీరానికి దూరపు జిల్లా గాలిలో అది 11 గ్రాములే. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న మామూలు పడకగదినే తీసుకోండి. విజయనగరంలో ఉక్కపోత రోజున ఆ గది గాలిలో కంటికి కనపడకుండా దాదాపు లీటరు నీళ్లుంటాయి. ఎండాకాలంలో మన ఒళ్లు చల్లబడటానికి ఉన్న ముఖ్యమైన దారి చెమట ఆరడం. లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంటినుంచి పోతుంది. ఆరితేనే సుమా! గాలి అప్పటికే నీటితో బరువెక్కి ఉంటే చెమట కారుతుంది తప్ప ఆరదు. బనీను తడుస్తుంది, ఒంట్లో వేడి ఒంట్లోనే ఉంటుంది.

ఎయిర్ కూలర్ ఇక్కడ పరువు పోగొట్టుకునేది ఇందుకే. తడి మీదుగా గాలిని తోసి చల్లబరచడం దాని పని. వెనకటి వట్టివేళ్ల తడికలదీ అదే సూత్రం. 42 డిగ్రీల పొడిగాలిని మంచి కూలర్ 24 దరిదాపులకు దించగలదు. మన 34 డిగ్రీల తడిగాలిని మాత్రం 30కి మించి దించలేదు. పైగా గదిలోకి ఇంకాస్త నీళ్లు చేరుస్తుంది. ఈ తీరానికి నీళ్లు చేర్చే యంత్రం కాదు, తీసేసే యంత్రం కావాలి. ఏసీ మొట్టమొదట తయారైందే అందుకు. కాకపోతే అప్పుడు ఇబ్బంది పడింది మనిషి కాదు, కాగితం.

1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ అనే అచ్చు కంపెనీ ఉండేది. రంగుల బొమ్మలతో 'జడ్జ్' అనే హాస్యపత్రికను అచ్చువేసేది. రంగుల అచ్చులో ఒకే కాగితం మీద ఒక్కో రంగు విడివిడిగా పడాలి. కాగితం గాలిలోని తేమను పీల్చి సాగుతుంది, పొడిబారితే ముడుచుకుంటుంది. నిన్న ఎరుపు పడిన చోట ఇవాళ పసుపు పడదు. బొమ్మలో పెదవి ఒకచోట, పెదవి రంగు ఇంకోచోట! న్యూయార్క్ వేసవికి కూడా ఉక్కపోత తక్కువేం కాదు. కాగితం పాడై, సమయం పాడై, యజమానులు బఫెలో ఫోర్జ్ అనే కంపెనీ గడప తొక్కారు. అక్కడ ఏడాది కిందటే కార్నెల్‌లో చదువు ముగించుకుని చేరిన పాతికేళ్ల ఇంజనీరు విల్లిస్ క్యారియర్‌కు ఆ పని అప్పగించారు.

ఆవిరి నడిచే తీగచుట్టల్లాంటి గొట్టాల మీదుగా ఫ్యాన్లతో గాలిని పంపి గదులు వెచ్చబెట్టడం బఫెలో ఫోర్జ్ వ్యాపారాల్లో ఒకటి. క్యారియర్ ఆ గొట్టాల్లో ఆవిరికి బదులు చల్లటి నీళ్లు నడిపాడు. చల్లటి లోహం తగలగానే గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారి కిందికి జారింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట పట్టే చెమట కూడా ఇదే. జులై 17 తేదీతో ఆయన గీసిన నమూనాలు ఇప్పటికీ ఉన్నాయి. గదిలో తేమను ఏడాది పొడుగునా 55 శాతం దగ్గర నిలపడం లక్ష్యం. అది రోజుకు 54 టన్నుల మంచు కరిగినంత చల్లదనం చేసే పని. గది చల్లబడిందంటే అది కొసరు లాభం మాత్రమే. అచ్చుయంత్రాల దగ్గర నిలబడ్డ కార్మికుడి సుఖం ఆ కాంట్రాక్టులో లేదు.

ఆ తర్వాత నూలు వంతు. అమెరికాలోని కరోలినా బట్టల మిల్లుల్లో దీనికి పూర్తిగా తిరగబడ్డ సమస్య. అక్కడ గాలి పొడిబారి దారం తెగేది. స్టూవర్ట్ క్రామర్ అనే ఇంజనీరు గాలిలోకి తేమ ఎక్కించే ఏర్పాట్లు చేశాడు. 'ఎయిర్ కండిషనింగ్' అని 1906లో పేరు పెట్టింది ఆయనే. తేమ తగిలితే పత్తిపోగు బలం పెరుగుతుంది, తెగడం తగ్గుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి సన్ననూలు వడికే మన పొందూరు వాకిళ్లలో క్రామర్‌కు పెద్దగా పని దొరికేది కాదేమో. ఆ తేమ ఏదో మన గాలే ఇస్తుంది. ఇక గోగునార, జనపనారలైతే ఇంకా మొండివి. నెల్లిమర్ల వంటి చోట్ల జూట్ మిల్లుల్లో నారను ముందుగా నూనె, నీళ్ల మిశ్రమంతో మెత్తబరిస్తేగాని వడకడానికి లొంగదు.

కాగితం, నూలు, తర్వాత పొగాకు, మిఠాయిలు. మామూలు మనిషి దగ్గరికి రావడానికి ఈ యంత్రానికి రెండు దశాబ్దాలు పైగా పట్టింది. అదీ సినిమా పుణ్యాన. 1925లో న్యూయార్క్ రివోలీ థియేటర్‌లో క్యారియర్ యంత్రం పెట్టాక, వేసవిలో ఖాళీగా ఉండే హాళ్లు నిండటం మొదలైంది. మన దేశంలో 1934లో ఫ్రాంటియర్ మెయిల్ రైలుకు ఏసీ పెట్టె తగిలించారు. అందులో కంప్రెసర్ లేదు. పెట్టె అడుగున మంచుదిమ్మలు పేర్చి, వాటి మీదుగా గాలిని లోపలికి ఊదేవారు. దారిలో స్టేషన్లలో మంచు నింపుకుంటూ పోయేవారు.

ఇప్పటికీ ఏసీని టన్నుల్లో కొలవడం ఆ మంచుకాలపు అలవాటే. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని లాగేది ఒక టన్ను ఏసీ. దాని బరువు టన్ను అని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేం. గది చిన్నదైనా పెద్ద టన్ను కొనడం మనవాళ్లలో గొప్పకు గుర్తు. నిజానికి అది నష్టం. పెద్ద యంత్రం గదిని చప్పున చల్లబరిచి ఆగిపోతుంది, నీళ్లు తీయడానికి దానికి వ్యవధి ఉండదు. గది చల్లగానే ఉంటుంది, జిగురు మాత్రం పోదు. రిమోట్ మీద నీటిబొట్టు గుర్తుతో ఉండే 'డ్రై' మీట చాలా ఇళ్లలో ఎవరూ నొక్కరు. జులై, ఆగస్టుల్లో వేడి తక్కువై జిగట ఎక్కువైనప్పుడు ఈ తీరంలో పనికొచ్చేది అదే. 18 దగ్గర పెట్టి దుప్పటి కప్పుకునే సరదా గురించి ఏం చెప్పను? 2020 నుంచి స్టార్ గుర్తున్న కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నియమం. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా కరెంటు సుమారు 6 శాతం ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. తేమ తగ్గిన గదిలో 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే చాలామందికి హాయిగానే ఉంటుంది.

ఇంట్లో దీని అసలు మేలు రాత్రిపూట. ఎడారిలో పగలు ఎంత కాల్చినా రాత్రి వణికిస్తుంది. గాలిలో ఆవిరి ఎక్కువున్న చోట నేల వేడి ఆకాశంలోకి తేలిగ్గా పోదు. అందుకే మన మే నెల రాత్రులు చాలాసార్లు తెల్లవారుజామున కూడా 27, 28 దిగవు. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి. తగ్గకపోతే నిద్ర ముక్కలవుతుంది, ఆ బాకీ మర్నాడు ఆఫీసులోనో పొలంలోనో తీర్చాలి. ముసలివాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీదికే వస్తుంది. గత శతాబ్దంలో అమెరికాలో తీవ్రమైన వేడి రోజుల మరణాలు మూడొంతులు తగ్గాయనీ, 1960 తర్వాతి తగ్గుదలకు ఇళ్లలోని ఏసీలే ప్రధాన కారణమనీ ఆర్థికవేత్తల పరిశోధన తేల్చింది.

ఇంకో చిన్న లాభం వీణ ఉన్న ఇంటివాళ్లకు. బొబ్బిలి వీణను పనసచెక్కతో చేస్తారు, మెట్లను మైనం మీద నిలుపుతారు. వేడికి మైనం మెత్తబడుతుంది, తేమకు చెక్క ఉబ్బుతుంది. అలాగని ఏసీ గాలి సూటిగా తగిలే చోట పెట్టినా చెక్కకు మంచిది కాదు.

పనిచోటుకు వద్దాం. రణస్థలం మండలం పైడిభీమవరం చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు ఈ తీరంలో నిలబడ్డాయంటే క్యారియర్ పుణ్యమే. తేమ తగిలితే మందుపొడి గడ్డకడుతుంది, కొన్ని మందులు రసాయనికంగా విరిగిపోతాయి, జెలటిన్ గుళిక మెత్తబడి అంటుకుంటుంది. మరీ పొడిబారితే అదే గుళిక పెళుసెక్కి పగులుతుంది. కాబట్టి అక్కడ గాలిని వడకట్టి, తేమను కట్టడిచేసి లోపలికి వదులుతారు. బ్రూక్లిన్‌లో మాదిరే ఇక్కడా సరుకు కోసం వచ్చిన చల్లగాలిలో మనిషికి వాటా దొరికింది. ఏటీఎంల దగ్గర ఆ వాటా కూడా లేదు. యంత్రం ఏసీ గదిలో, కాపలా మనిషి బయట ప్లాస్టిక్ కుర్చీలో.

మనిషికి చల్లదనం ఇస్తే యజమానికి ఏం మిగులుతుందో మన దేశంలోనే కొలిచారు. సూరత్ మగ్గాల దగ్గర, ఢిల్లీ చుట్టుపక్కల దుస్తుల కుట్టు కేంద్రాల్లో, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో లెక్కలు తీసిన అధ్యయనం 2021లో అచ్చయింది. ఏడాది ఒక డిగ్రీ వేడెక్కితే ఫ్యాక్టరీ ఉత్పత్తి సుమారు 2 శాతం పడిపోతుందని తేలింది. పనిగదిని చల్లబరిస్తే అక్కడ పని తగ్గడం ఆగింది గానీ, వేడి రోజుల వల్ల పనికి రాకపోవడం ఆగలేదు. కార్మికుడి ఇల్లు చల్లగా లేదు మరి.

ఈ యంత్రానికి మన తీరంలో శత్రువులూ ఉన్నారు. ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ తుప్పుపట్టి గ్యాస్ కారిపోతుంది, మెకానిక్ వచ్చి మళ్లీ గ్యాస్ పడతాడు. కారిన గ్యాస్ ఊరికే పోదు. పాత ఆర్-22 ఓజోన్ పొరను తింటుంది, భూమినీ వేడెక్కిస్తుంది. ఇప్పటి ఆర్-32 ఓజోన్ జోలికి పోదు గానీ వేడెక్కించే గుణం పూర్తిగా పోలేదు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత, 2018 తిత్లీ తుపాను తర్వాత స్తంభాలు కూలి కరెంటు లేని రాత్రుల్లో ఇక్కడి ఏసీలన్నీ గోడకు వేలాడే పెట్టెలే.

ఏసీ అసలే చేరని పనిచోట్లూ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీజబ్బుకు కారణాలు వెతికేవారి అనుమానాల్లో తాగునీటితోపాటు ఎండలో ఒళ్లొంచి చేసే పని, ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం కూడా ఉన్నాయి. కొబ్బరితోటలో కాయ దింపేవాడికి, జీడితోటలో గింజ ఏరే ఆడమనిషికి ఏసీ ఎలాగూ రాదు. ఎండ ముదరకముందే పని ముగించే వీలు, చెట్టు కింద అరగంట, దగ్గర్లో మంచినీళ్ల కుండ. ఇవి ఏర్పాటు చేయడానికి కరెంటు కూడా అక్కర్లేదు.