పావురం ముక్కే పేల దువ్వెన

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో పాత ఇళ్ల కిటికీ గట్ల మీద గానీ, కొత్త అపార్టుమెంట్ల ఏసీ పెట్టెల వెనక గానీ పావురం గూడు పెట్టిందంటే ఇంట్లోవాళ్లకు పట్టుకునే మొదటి భయం ఒకటే: దాని పేలు మన పిల్లల తలకెక్కుతాయేమో! ఎక్కవు. రోగాలు మోసే కీటకాల మీద పరిశోధనకు 1975 నుంచీ ఒక కేంద్రమే ఉన్న ఊరిది. పురుగంటే జబ్బే గుర్తుకు రావడం సహజం. కానీ పురుగులన్నీ దోమలు కావు.

మన తలలో పేను రక్తం తాగి బతుకుతుంది. పావురం పేను తినేది ఈకని. రక్తం తాగే రకమూ ఒకటుంది, అయితే దానికి కావలసింది కూడా పావురం రక్తమే. ఈకపేను గుడ్లను ఈకకే అతికిస్తుంది, పక్షి ఒంటి వెచ్చదనంలోనే అవి పొదుగుతాయి. పక్షిని వదిలి కింద పడ్డ పేను కొద్ది రోజుల్లో చస్తుంది. మన వెంట్రుక దానికి తిండీ కాదు, ఇల్లూ కాదు.

ఊరి పావురాల మీద ముఖ్యంగా రెండు రకాల ఈకపేలుంటాయి. ఒకటి రెక్కపేను: సన్నగా, పొడుగ్గా, రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రెక్క ఈకల్లో పోగుకీ పోగుకీ మధ్య సందులో దూరి పడుకుంటుంది. 1758లోనే లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. రెండోది ఒంటిపేను: పొట్టిది, గుండ్రటిది. ఒంటి మీది మెత్తటి నూగులోకి తవ్వుకుపోతుంది. ఈ దాక్కోవడమంతా ముక్కుకు భయపడే. పావురం తీరిక దొరికినప్పుడల్లా ఈకలు సవరించుకోవడం చూస్తుంటాం. అది సింగారమే అనుకుంటే పొరపాటు, పేలవేట కూడా.

దాని పై ముక్కు చివర కింది ముక్కును దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు వంగి ఉంటుంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన డేల్ క్లేటన్ బృందం ఆ కొనను కాస్త అరగదీసి చూసింది. పక్షి తిండికి ఏ లోటూ రాలేదు, పేలు మాత్రం విపరీతంగా పెరిగాయి. కొన మళ్లీ పెరిగాక తగ్గాయి. కింది ముక్కు ముందుకు జరిగి ఆ కొనకు ఒరిసినప్పుడు మధ్యలో చిక్కిన పేను నలిగిపోతుందన్నమాట. ముక్కు దెబ్బతిన్న పావురం ఈకలు పలచబడతాయి, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి శక్తి ఎక్కువ ఖర్చవుతుంది.

2019లో వెలువడిన అదే బృందం ప్రయోగం నాకు ఇంకా ముచ్చటగా అనిపించింది. బూడిదరంగు పావురాల పేలను తెల్లవాటి మీదా నల్లవాటి మీదా వదిలి నాలుగేళ్లు, అంటే పేలకు దాదాపు అరవై తరాలు, గమనించారు. తెల్ల పావురాల మీద పేలు తెల్లబారాయి, నల్లవాటి మీద నల్లబడ్డాయి. ఈక రంగులో కలిసిపోనిది ముక్కుకు దొరికిపోతుంది, కలిసిపోయినది పిల్లలను కంటుంది. పరిణామం కంటికి కనిపించేది ఇలాంటిచోటే.

రెక్కలు లేని పేను ఒక పక్షి నుంచి మరో పక్షికి ఎలా చేరుతుంది? ఎక్కువగా తల్లి నుంచి పిల్లలకు గూట్లోనే. రెక్కపేనుకు ఇంకో దారీ ఉంది: పావురాల రక్తం తాగే చదునైన ఈగ ఒకటుంది, దాని కాళ్లు పట్టుకుని సవారీ చేస్తుంది. ఒంటిపేనుకు ఆ పట్టు అంతగా చేతకాదు.

బొటానికల్ గార్డెన్‌లో కూసే గువ్వలకూ ఈ రెక్కపేల కుటుంబం వాళ్లే చుట్టాలు. లోకంలోని పావురాలూ గువ్వల మీద వీటి జాతులు దాదాపు తొంభై. అమెరికా ప్యాసింజర్ పావురాల్లో చివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చనిపోయింది. దాని రెక్కపేనూ దానితోనే అంతరించిందనుకుని ఆ అర్థం వచ్చే పేరే పెట్టారు. తీరా చూస్తే అదే పేను మరో అమెరికా పావురం మీద బతికే ఉందని 1999లో తేలింది.

మనం జాగ్రత్త పడవలసింది పేల గురించి కాదు. ఎండిన రెట్ట, ఈకల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఖాళీ అయిన గూట్లో మిగిలిన రక్తం తాగే నల్లులాంటి చిన్న పురుగులు ఆకలికి ఇంట్లోకి వచ్చి కుట్టవచ్చు. అందుకే పిల్లలు ఎగిరిపోగానే గూడు తీసేయండి. రెట్టను పొడిగా ఊడ్చకుండా నీళ్లతో తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని కడగండి. ఆ తరువాత బాల్కనీకి వల బిగించండి. పేలమందు కొననక్కర్లేదు.