డీజిలు కారులో మసి ఫిల్టరు: మార్చేముందు నాడి చూడండి

మన సంఘ సభ్యులలో డీజిలు కార్లున్నవారు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. "డాష్‌బోర్డు మీద పెట్టెలాంటి బొమ్మ, లోపల చుక్కలు, పసుప్పచ్చగా వెలుగుతున్నది. షెడ్డులో చూపిస్తే ఫిల్టరు పోయింది, మార్చాలంటున్నారు. మార్చాలా?" అని. చాలా బండ్లకు ఆ ఫిల్టరు ఖరీదు మాబోటి గుమాస్తా రెండు మూడు నెలల జీతానికి తక్కువ ఉండదు. కాబట్టి జవాబు ఆషామాషీగా చెప్పేది కాదు.

నేను ఇంజనీరును కాను. మెట్రిక్యులేషను చదివి ఆఫీసులో చేరినవాణ్ణి. అయితే మా ఆఫీసు బండ్ల లాగ్‌బుక్కులు, డీజిలు బిల్లులు, రిపేరు బిల్లులు అన్నీ చాలా ఏండ్లుగా నా బల్ల మీదుగానే పోతున్నవి. బిల్లు పాసు చేయించేముందు అది ఎందుకు వచ్చిందో పై అధికారికి రెండు ముక్కలు వ్రాయవలసిన బాధ్యత నాది. ఆ పనిలో మెకానిక్కులను అడిగి, బండితో వచ్చే పుస్తకాలు చదివి తెలుసుకొన్న సంగతులే ఇక్కడ మనవి చేస్తున్నాను. ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఆ దీపం వెలిగితే ఫిల్టరు నిండినదని బండి అనుకొంటున్నదని అర్థం. నిజంగా నిండినదా, నిండితే ఎందువల్ల నిండినది అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే డబ్బు తియ్యాలి.

ఈ ఫిల్టరు సంగతి కొంచెం తెలుసుకొందాం. డీజిలు పొగలో కంటికి కనపడే నలుపంతా మసి. దాన్ని గాలిలోకి పోనీయకుండా పట్టి ఉంచటానికి సైలెన్సరు గొట్టం దారిలో, ఇంజనుకు దగ్గరగా, పింగాణి జాతి పదార్థంతో చేసిన తేనెపట్టువంటి దిమ్మె ఒకటి పెడతారు. దానికి డీపీఎఫ్ అని పేరు. ఆ పట్టులో సన్నని గొట్టాలు వందలకొద్దీ ఉంటవి. ఒక గొట్టానికి ఈ చివర మూత, పక్కదానికి ఆ చివర మూత. పొగ ఒక గొట్టంలో దూరి, ముందుకు దారిలేక, గోడలో ఉండే అతి సన్నని రంధ్రాలగుండా పక్క గొట్టంలోకి పోవాలి. గాలి పోతుంది, మసి గోడకు నిలిచిపోతుంది. 2000 సంవత్సరంలో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ తన 607 కారులో దీన్ని పెట్టింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధన వచ్చిన తరువాత డీజిలు కార్లలో ఇది మామూలు సామాను అయిపోయింది. అదే నిబంధనతో డీజిలులోని గంధకం పదిలక్షల పాళ్ళకు 50 పాళ్ళ నుండి 10కి తగ్గించారు. డీజిలులో గంధకం ఎక్కువైతే ఈ ఏర్పాటుకు పడదు.

మన ఇండ్లలో కాఫీ ఫిల్టరు ఉన్నది గదా! నాలుగు నెలలు వాడేసరికి పైగిన్నె అడుగున ఉండే రంధ్రాలలో సన్నని పొడి ఇరుక్కొని డికాషను దిగటం మానేస్తుంది. అప్పుడు ఆడవారు దాన్ని పారవేసి కొత్తది కొనరు. అడుగును స్టౌ మంట మీద కాసేపు పట్టుకొంటారు. ఇరుక్కొన్న పొడి కాలి బూడిద అవుతుంది, రెండు దులుపులు దులిపితే రంధ్రాలు తెరుచుకొంటవి. కారులో ఫిల్టరు శుభ్రమయ్యేదీ అచ్చంగా ఈ పద్ధతినే. పెద్దరోడ్డు మీద బండి నిలకడగా పోతున్నప్పుడు పొగ వేడికే కొంత మసి తనంతట తాను కాలిపోతుంది. అది చాలకపోతే, కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి, కంప్యూటరు కొంచెం డీజిలు అదనంగా వదిలి, ఫిల్టరు వేడిని సుమారు 600 డిగ్రీలకు తెచ్చి కాలుస్తుంది. దీన్ని రీజనరేషను అంటారు. పది పదిహేను నిముషాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది.

ఈ కాల్పు నడుస్తున్న సమయంలో బండి కొంచెం వింతగా ప్రవర్తిస్తుంది. నిలబడి ఉన్నప్పుడు సుమారు 800 ఉండే ఇంజను చుట్లు 1000 దాకా పెరుగుతవి. తాళం తీసివేసినా ముందరి ఫ్యాను గుయ్యిమని తిరుగుతూనే ఉంటుంది. వేడి ఇనుము వాసన వస్తుంది. ఆ కాసేపు మైలేజి పడిపోతుంది. ఇవన్నీ చూచి కంగారుపడి షెడ్డుకు పోయేవారున్నారు. ఇవి రోగలక్షణాలు కావు, మందు పనిచేస్తున్న లక్షణాలు. ఇల్లు వచ్చిందిగదా అని ఆ సమయంలో బండి ఆపివేస్తే కాల్పు సగంలో ఆగిపోతుంది. ఒకసారి ఆగితే ఫరవాలేదు. రోజూ అదే జరిగితే మసి పేరుకొంటుంది.

బెంగుళూరులో మనవారి బండ్లు ఎక్కువభాగం ఇటువంటివే. మల్లేశ్వరంలో పిల్లలను బడిలో దించి, మార్కెట్టుకు పోయి, ఇంటికి వచ్చే బండికి ఇంజను పూర్తిగా వేడెక్కే వ్యవధే దొరకదు. ఆ బండే ఏటికి రెండుసార్లు తిరుపతి పోయివస్తే తరువాత కొన్నాళ్ళు దీపం జోలికి రాదు. స్వామివారి మహిమతోపాటు కోలారు రోడ్డు మహిమ కూడా అందులో ఉన్నదని మనవి. దీపం నిలకడగా వెలుగుతూ, వేరే దీపాలేవీ లేకుండా, బండి మామూలుగా లాగుతుంటే, మొదట చేయవలసినది ఇదే. తుమకూరు రోడ్డుకో కోలారు రోడ్డుకో పోయి, ఇరవై ముప్పై నిముషాలపాటు 60 కిలోమీటర్ల వేగం పైన, గేరు ఒకటి తగ్గించి, చుట్లు 2000 పైన ఉండేటట్టు ఆగకుండా నడపాలి. బండి పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా పద్ధతి వ్రాసి ఉంటే ఆ ప్రకారమే చేయాలి. దీపం ఆర్పుకొంటూ వెలుగుతున్నా, ఇంజను దీపం కూడా తోడైనా, బండికి బలం తగ్గినా ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. అప్పటికి కంప్యూటరు కాల్చటమే నిలిపివేసి ఉంటుంది. ట్యాంకులో డీజిలు అడుగంటి ఉన్నా చాలా బండ్లు కాల్పు మొదలుపెట్టవు. అది ముందు చూచుకోవాలి.

ఇక మా ఆఫీసు బండి ఒకదాని సంగతి. దానికి దీపం వెలిగింది. షెడ్డువారు యంత్రం తగిలించి నిలబెట్టి కాల్చి పంపారు. 1100 కిలోమీటర్లు నడిచింది, మరల దీపం. మరల కాల్చారు. ఈసారి 400. ఆ తరువాత 150. నాలుగోసారి షెడ్డువారు ఫిల్టరు చచ్చిపోయింది, కొత్తది వేయాలని కొటేషను పంపారు. లాగ్‌బుక్కులో ప్రయాణాలు చూస్తే ఊళ్ళో తిరుగుళ్ళు కావు. సగం పైగా జిల్లాలకు పోయివచ్చినవే, ఒక్కొక్కటి వంద కిలోమీటర్లకు తక్కువ లేదు. అటువంటి బండికి ఫిల్టరు నిండరాదు. పైగా గడువు తగ్గుతూ వస్తున్నది. ఫిల్టరు పాతబడటం లక్ష కిలోమీటర్లలో జరిగే పని, మూడు వారాలలో జరిగేది కాదు. ఆ మూడు అంకెలూ తేదీలతో సహా ఒక కాగితం మీద వ్రాసి కొటేషనుతో జతచేసి పైకి పంపాను. రెండో షెడ్డులో చూపమని ఆర్డరు వచ్చింది. అక్కడి మెకానిక్కు ఆ కాగితం చూచి, ఫిల్టరు ముట్టుకోకుండా ముందు టర్బో దగ్గర చెయ్యి పెట్టాడు. టర్బో నుండి ఇంజనుకు గాలి పోయే రబ్బరు గొట్టం అడుగుభాగంలో చీలి ఉన్నది. గాలి చాలక ఇంజను రెండింతల మసి చేస్తున్నది, పాపం ఫిల్టరు దాన్నంతా మోస్తున్నది. గొట్టం వేసి ఒకసారి కాల్చి ఇచ్చారు. ఫిల్టరు మార్చే పని లేకపోయింది. కొత్త ఫిల్టరు వేసి ఉంటే అదీ నెలలోపలే నిండేది.

అందుచేత నేను దీపం కంటె గడువుకు విలువ ఇస్తాను. రెండు కాల్పుల మధ్య ఎన్ని కిలోమీటర్లు నడిచింది? అది హఠాత్తుగా తగ్గితే తప్పు సాధారణంగా ఫిల్టరుకు పైన ఉంటుంది. పొగను వెనక్కి తిప్పే ఈజీఆర్ కవాటం ఇరుక్కొని ఉండవచ్చు. ఇంజెక్టరు డీజిలును కారుస్తుండవచ్చు. టర్బో నుండి ఆయిలు పొగలోకి దిగుతుండవచ్చు. థర్మోస్టాటు తెరుచుకొని ఉండిపోయి ఇంజను వేడెక్కకనే పోవచ్చు. అరగంట నడిపినా వేడిముల్లు మధ్యకు రాకపోతే ఈ చివరిదాన్ని ముందు అనుమానించాలి. అది చవకైన సామాను కూడాను.

షెడ్డుకు పోయేముందు ఇంటివద్ద చూడగలిగినవి రెండున్నవి. ఒకటి ఇంజనాయిలు పుల్ల. మామూలుగా ఆయిలు తరుగుతుంది. పై గీత దాటి పెరిగి ఉంటే, సగంలో ఆగిపోయిన కాల్పుల వల్ల డీజిలు ఆయిలులో కలిసినదని అర్థం. పలచబడిన ఆయిలు ఇంజను బేరింగులను తింటుంది. మితిమీరితే ఇంజను తన ఆయిలునే తాగి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం కూడా ఉన్నది. ఆ స్థితిలో నిలబెట్టి కాల్చటానికి ఒప్పుకోవద్దు. ముందు ఆయిలు మార్పించాలి. రెండవది, బండి చల్లారిన తరువాత తెల్లగుడ్డ వేలికి చుట్టి సైలెన్సరు గొట్టం లోపల తుడవటం. ఫిల్టరు సరిగా ఉన్న బండిలో గుడ్డకు దుమ్ము అంటుతుందిగాని నల్లని మసి అంటదు. కాటుకలా అంటితే ఫిల్టరు పగిలిందన్నా కావాలి, ఎవరో లోపలిది తీసివేశారన్నా కావాలి. సెకండుహ్యాండు బండి కొనేవారు బేరమాడకముందే జేబురుమాలు ఒకటి ఖర్చు రాసుకోవటం మంచిది.

షెడ్డులో యంత్రం తగిలించినప్పుడు పక్కన నిలబడి అంకెలు అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు, కోప్పడితే అదికూడ ఒక సమాచారమే. మొదట తప్పుల నంబర్లు. పి2463 అంటే మసి పేరుకొన్నదని. పి2002 అంటే ఫిల్టరు పని సరిగా జరగటం లేదని. పి2453 అంటే ఫిల్టరు కంటె ముందు ఒత్తిడి కొలిచే సెన్సారునే అనుమానించాలని. ఈ సెన్సారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఇక్కడే. ఫిల్టరుకు ముందు ఒకటి, వెనుక ఒకటి సన్నని గొట్టాలు పెట్టి, రెండువైపులా పొగ ఒత్తిడిలో తేడా ఎంతో ఇది కొలుస్తుంది. తేడా పెరిగితే ఫిల్టరు మూసుకొంటున్నదని కంప్యూటరు లెక్కకడుతుంది. కాబట్టి మూడు సందర్భాలలో ఆ అంకె చూడాలి. ఇంజను నడపకుండా తాళం మాత్రం తిప్పినప్పుడు సున్నా, లేక సున్నాకు అతి దగ్గరగా ఉండాలి. పొగే లేనప్పుడు ఒత్తిడి ఎక్కడిది? అప్పుడే పెద్ద అంకె చూపితే సెన్సారు అబద్ధమాడుతున్నది. ఇంజను నిలకడగా తిరుగుతున్నప్పుడు స్వల్పంగా ఉండాలి. 2500, 3000 చుట్లకు పెంచితే పెరిగి, వదిలితే మరల దిగాలి. ఎంత పెంచినా కదలకపోతే గొట్టం ఊడిపోయిందేమో, చిల్లిపడిందేమో చూడాలి. ఎంత వరకు ఉండవచ్చునో బండి బండికీ వేరు. కంపెనీ అంకె ఎంత, మన బండి అంకె ఎంత అని రెండూ పక్కపక్కన వ్రాయించుకోవాలి. బజారులో దొరికే చిన్న ఓబీడీ పరికరాలు తప్పుల నంబర్లు చూపుతవిగాని, మసి ఎన్ని గ్రాములు, చివరి కాల్పు అయి ఎన్ని కిలోమీటర్లు అనేవి చాలా బండ్లలో కంపెనీ యంత్రమే చూపగలదు.

మసి వేరు, బూడిద వేరు. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఈ బూడిద ముఖ్యంగా ఇంజనాయిలులో కలిపే రసాయనాల వల్ల వస్తుంది. లక్ష దాటి నడిచిన బండిలో, కాల్చిన వెంటనే కూడా ఒత్తిడి తగ్గకపోతే అది బూడిదని అనుకోవచ్చు. అప్పుడు ఫిల్టరును విప్పి ప్రత్యేక యంత్రంతో కడిగించే వీలు ఉన్నది. దిమ్మె పగిలినా కరిగినా మాత్రం మార్చటం తప్పదు.

ఇక మూడవ సలహా ఒకటి కొన్ని షెడ్డులలో గొంతు తగ్గించి ఇస్తారు. లోపలి దిమ్మె కోసివేసి, కంప్యూటరుకు సర్దుబాటు చేస్తాం, కొత్త ఫిల్టరు ఖర్చులో పదోవంతు అని. మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షను బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చటాన్ని నిషేధిస్తున్నది. 190వ సెక్షను రెండవ భాగం ప్రకారం, గాలి కాలుష్య ప్రమాణాలకు విరుద్ధంగా బండి నడిపితే మొదటి నేరానికే పదివేల రూపాయల దాకా జుల్మానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. చట్టం మాట అటుంచండి. డీజిలు పొగ క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూనులోనే తేల్చింది. మన పొగనే కన్నడంలో హొగె అంటారు. ఏ భాషలో అన్నా, బడి గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టిన బండి వెనుక నిలిచేది మన పిల్లలే.

బండి ఉన్నవారు సర్వీసు పుస్తకం చివర ఖాళీ పేజీలో నాలుగు గడులు గీసుకోండి: దీపం వెలిగిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, ఆయిలు పుల్ల మీద మట్టం, ఏమి చేయించారు అనేది. ఐదవ గడి ఆయిలు డబ్బా మీది రకానికి. తక్కువ బూడిద ఇచ్చే రకాలను ఏసీఈఏ సి2, సి3 వంటి గుర్తులతో అమ్ముతారు. మీ బండి పుస్తకంలో ఏది వ్రాసి ఉన్నదో బిల్లులోనూ అదే ఉన్నదా అని ప్రతి సర్వీసుకూ సరిచూచి, తేడా ఉంటే డబ్బు కట్టకముందే అడగండి.