బొమ్మల సినిమాలో అడవి, మనిషి

జంతువుల చేత మాట్లాడించడం మనకు కొత్త కాదు. చిన్నయసూరి 1853లో ప్రచురించిన 'నీతిచంద్రిక'లో పావురాలూ ఎలుకా నీతులు చెబుతాయి. అవి వేషం వేసిన మనుషులే. అడవి వాటికి రంగస్థలం మాత్రమే. ఇరవయ్యో శతాబ్దపు బొమ్మల సినిమా ఆ అడవినే ఇతివృత్తంగా తీసుకుంది.

వాల్ట్ డిస్నీ సంస్థ 1942లో విడుదల చేసిన 'బాంబి' జింకపిల్ల కథ. తల్లి తుపాకిగుండుకు బలవుతుంది, అడవి తగలబడుతుంది. ఇందుకు కారకుడైన మనిషి తెరమీద ఒక్కసారైనా కనిపించడు. రూపం లేనందువల్ల భయం రెట్టింపవుతుంది. శిల్పపరంగా ఇది గొప్ప విషయమే. కాని దాని పర్యవసానమేమిటి? సరదాకు వేటాడేవాడూ, పొట్టకోసం కట్టెలు కొట్టేవాడూ 'మనిషి' అనే ఒకే మాటలో కలిసిపోతారు.

చిత్తూరు జిల్లాలో ఈ తేడా చావుబతుకుల సమస్య. 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు ప్రాంతాలకు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కాగితం మీది సరిహద్దు ఏనుగుకు తెలియదు. చెరకుతోటలో, వరిమడిలో పడుతుంది. రాత్రంతా టపాకాయలతో కాపలా కాసేవాడు రైతు. ఏనుగు కాలికింద పడి చచ్చేదీ అతడే. చేనుచుట్టూ కరెంటుతీగ లాగేదీ అతడే. ఆ తీగకు చచ్చేది ఏనుగు. అడవి తరిగిపోవడం వల్ల వచ్చిన లాభం ఈ ఇద్దరిలో ఎవరికీ ముట్టలేదు. ఆ ఊళ్ళ పిల్లలకు 'బాంబి' చూపిస్తే, వాళ్ళ నాయన ఏ పక్షాన కనిపిస్తాడు?

జపాన్ దర్శకుడు హయావో మియజాకి 1997లో తీసిన 'ప్రిన్సెస్ మోనోనోకె' ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. ఇనుము కోసం అడవిని నరికించే ఎబోషి, వేశ్యాగృహాల నుంచి విడిపించిన స్త్రీలకూ కుష్ఠురోగులకూ పని కల్పించిన మనిషి. కొలిమితిత్తులు తొక్కే ఆ స్త్రీల శ్రమ తెరమీద కనిపిస్తుంది. అక్కడ తయారైన ఇనుపగుండే అడవిపందిని రాక్షసిగా మారుస్తుంది. అయితే అడవిదేవత తల కోరినవాడు చక్రవర్తి. ఇనుము మీద కన్నువేసినవాడు సామంతుడు. అందువల్ల పోరు మనిషికీ మృగానికీ మధ్య జరుగుతున్నట్టు కనిపించినా, దాని మూలం పైన ఉంది.

ఈ చిత్రానికీ పరిమితి ఉంది. చివరకు నాయిక అడవిలోనూ, నాయకుడు ఊళ్ళోనూ ఉండిపోతారు. అడవి అంచునే చేను ఉన్న రైతుకు ఆ వెసులుబాటు లేదు.

బొమ్మల సినిమా పిల్లల వ్యవహారమని విమర్శకులు పక్కన పెట్టడం తగదు. జంతువు మీద జాలి పుట్టించడం మంచిదే. ఆ జాలి ఎవరిని దోషిగా నిలబెడుతున్నదో కూడా అడగాలి.