పోగు ఎక్కడ తెగింది?

లినక్స్ కెర్నల్‌ను సోర్స్ నుంచి కట్టుకుందామని రాత్రి ‘మేక్’ కొట్టి పడుకుంటే, పొద్దున తెర మీద ‘ఎర్రర్ 2’ కనబడుతుంది. నాచుపల్లి జేఎన్‌టీయూ హాస్టల్లో కానీ, కోరుట్లలో మేడ మీది గదిలో కానీ, చాలామంది ఆ చివరి లైనే పట్టుకుని తంటాలు పడతారు. అందులో సరుకేమీ లేదు. కింది మేక్ ఆగిపోయిందని పై మేక్‌కు చేరిన కబురది. సిరిసిల్లలో సాంచా నడిపేవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు: గుడ్డలో గీత పడితే పడుగులో ఏ పోగు తెగిందో వెనక్కి వెళ్లి చూస్తారు.

ఇక్కడా పైకి జరుపుకుంటూ పోయి మొట్టమొదటి ‘ఎర్రర్’ దగ్గర ఆగాలి. ‘-జె4’తో నడిపితే నాలుగు పనుల మాటలు కలగాపులగంగా వస్తాయి, ‘-జె1’తో మళ్లీ నడిపి, వచ్చిందంతా ఫైలులో దాచుకోండి.

మళ్లీ నడిపితే ఇంకో గుట్టు కూడా తెలుస్తుంది. ప్రతిసారీ ఒకేచోట ఆగితే లోపం చాలావరకు సోర్స్‌లోనో కంపైలర్‌లోనో ఉంటుంది. పూటకో చోట ఆగితే యంత్రాన్నే అనుమానించాలి. కంపైలర్ జీసీసీ ‘సిగ్నల్ 11’ అంటూ పడిపోతుంటే ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో పరీక్షించండి. మే నెల జగిత్యాల ఎండలో, ఫ్యాన్ నిండా దుమ్మున్న ల్యాప్‌టాప్ కూడా ఇదే వేషం వేస్తుంది. ‘కిల్డ్’ అన్న ఒక్క మాటే ఉంటే మాత్రం సాధారణంగా ర్యామ్ చాలలేదన్నమాట. స్వాప్ పెంచి, ‘-జె’ తగ్గించాలి.

ఒకేచోట ఆగేవాటిలో నేను ముందుగా చూసేది వయసు తేడా: పాత సోర్స్, కొత్త కంపైలర్. తొలి విలువ ఇవ్వని ఒకే గ్లోబల్ వేరియబుల్ రెండు ఫైళ్లలో ఉంటే జీసీసీ ఇదివరకు రెంటినీ కలిపేసి ఊరుకునేది. 2020లో వచ్చిన జీసీసీ 10 ఆ మొహమాటం వదిలేసింది. ‘మల్టిపుల్ డెఫినిషన్’ అంటూ పాత కెర్నళ్లు లింకింగ్‌లో ఆగాయి. 2025 నాటి జీసీసీ 15 సీ భాష కొత్త ప్రమాణమైన సీ23ని డిఫాల్ట్ చేసింది. అందులో ట్రూ, ఫాల్స్ భాష సొంతం చేసుకున్న మాటలు; ఆ పేర్లను తానే నిర్వచించుకున్న పాత కెర్నల్‌కు చిక్కే. నన్నడిగితే సోర్స్‌ను చేత్తో దిద్దడం ఆఖరు పని, ఆ కాలపు జీసీసీని తెచ్చుకోవడం సుఖం. మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీని కట్టే ‘బిల్డ్‌వరల్డ్’ అయితే అవసరమైనప్పుడు తన సోర్స్‌లోని కంపైలర్‌నే ముందుగా కట్టుకుంటుంది.

ఇక కరెంటు. మధ్యలో పోతే సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైలు మిగిలిపోవచ్చు. దాని తేదీ సోర్స్ కన్నా కొత్తది గనక పని పూర్తయిందనుకుని మేక్ దాటేస్తుంది. ఎప్పటికో లింకర్ ‘ఫైల్ ట్రంకేటెడ్’ అని మొరాయిస్తుంది. ఆ ఫైలును చెరిపి మళ్లీ మేక్ కొడితే చాలు. సీమాస్ బ్యాటరీ అయిపోయిన డెస్క్‌టాప్‌లో గడియారం వెనక్కి పోయి ‘క్లాక్ స్క్యూ’ అని వస్తే, తేదీ సరిచేసి ‘మేక్ క్లీన్’తో మొదటి నుంచి కట్టుకోవడమే.