ఆర్‌సీ విమానం మోటార్ కాలిపోతోందా? మోటార్ మార్చే ముందు ఈ 5 టెస్టులు చేయండి

మన ఆర్‌సీ సిరీస్‌లో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ల్యాండ్ అయ్యాక మోటార్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నా, మోటార్ పోయిందా?" చాలాసార్లు మోటార్ తప్పు ఉండదు. కొత్తది కొని బిగించినా అది కూడా అలాగే కాలుతుంది. అందుకే ఈరోజు కారణం ఎలా పట్టుకోవాలో చూద్దాం.

ముందు, ఇది ఎందుకు సీరియస్ విషయమో చెప్తాను. మోటార్‌లో ఉండే నియోడిమియం మ్యాగ్నెట్లు మామూలు గ్రేడ్ అయితే సుమారు 80 డిగ్రీలు దాటాక బలం కోల్పోవడం మొదలుపెడతాయి. చల్లారినా ఆ బలం పూర్తిగా తిరిగి రాదు. మ్యాగ్నెట్ వీక్ అయితే అదే థ్రస్ట్ కోసం మోటార్ ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. ఇక ఈఎస్‌సీ కూడా ఓవర్‌హీట్ అయిందంటే గాల్లోనే పవర్ కట్ చేయొచ్చు. సర్వోలకి కరెంట్ వచ్చేది కూడా దాని నుంచే అయితే కంట్రోల్ మొత్తం పోతుంది. అప్పుడు అది ఎవరి నెత్తిన పడుతుందో మన చేతుల్లో ఉండదు.

ఉదాహరణకి చాలామంది మొదట కొనే సెటప్ తీసుకుందాం: 2212 సైజు 1000 కేవీ మోటార్, 3ఎస్ లైపో బ్యాటరీ, 10 బై 4.5 ప్రొపెల్లర్. కేవీ అంటే కిలోవోల్ట్ కాదండి. లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్ట్‌కి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే లెక్క.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువ భాగం రాగి వైండింగ్‌లో. కరెంట్‌ని కరెంట్‌తోనే గుణించి, వైండింగ్ రెసిస్టెన్స్‌తో మళ్లీ గుణిస్తే ఆ వేడి వస్తుంది. రెసిస్టెన్స్ 0.1 ఓమ్ అనుకోండి. 10 ఆంప్స్ దగ్గర 10 వాట్ల వేడి, 15 ఆంప్స్ దగ్గర 22.5 వాట్లు. కరెంట్ ఒకటిన్నర రెట్లే పెరిగింది, వేడి రెండు రెట్లు దాటింది!

ఇప్పుడు టెస్టులు. 1, 2, 3 నంబర్లకి ప్రొపెల్లర్ తీసేయాల్సిందే. ఇందులో మొహమాటం లేదు, వేళ్లు తెగుతాయి.

1. చేత్తో తిప్పండి. బ్యాటరీ పీకేసి మోటార్‌ని మెల్లగా తిప్పండి. టక్ టక్ అని ఆగి ఆగి తిరగడం మామూలే, అది మ్యాగ్నెట్ల లాగుడు. గరగర శబ్దం వస్తే బేరింగ్ గానీ, ఊడిన మ్యాగ్నెట్ గానీ అయ్యుండొచ్చు. మౌంట్ స్క్రూలు కూడా చూడండి. పొడుగు స్క్రూ లోపలికి వెళ్లి వైండింగ్‌కి తగలడం చాలా కామన్.

2. మూడు వైర్ల టెస్ట్. మోటార్ వైర్లు ఈఎస్‌సీ నుంచి తీసేయండి. మూడు కొనలూ కలిపి పట్టుకుని తిప్పితే బరువుగా తిరుగుతుంది, విడదీస్తే తేలిగ్గా తిరగాలి. విడదీసినా బరువుగానే ఉందంటే లోపల వైండింగ్ షార్ట్ అయినట్టు అనుమానించాలి. కాలిన వాసన, నల్లబడిన తీగ కూడా ఉంటే ఇక ఆ మోటార్‌ని పక్కన పెట్టేయండి.

3. లోడ్ లేకుండా కరెంట్. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య వాట్ మీటర్ పెట్టి, కొన్ని సెకన్లు రన్ చేయండి. మోటార్ షీట్‌లో నో లోడ్ కరెంట్ 0.5 అని ఉండి మీకు 0.6, 0.7 వస్తే కంగారు వద్దు. 2 ఆంప్స్ వస్తుంటే మోటార్ లోపలే ప్రాబ్లం.

4. ప్రొపెల్లర్‌తో కరెంట్. విమానాన్ని గట్టిగా కట్టేసి, ప్రొపెల్లర్ తిరిగే వరసలో ఎవరూ లేకుండా చూసి, ఫుల్ చార్జ్ బ్యాటరీతో 4, 5 సెకన్లు ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. షీట్‌లో ఉన్న మ్యాక్సిమం ఆంప్స్ దాటిందా? అయితే దొంగ దొరికినట్టే. మొదటి మూడు టెస్టులూ పాసై ఇక్కడ ఫెయిలైతే మోటార్ మంచిదే, మనం మోయించే బరువే ఎక్కువ. గాల్లో కరెంట్ నేల మీదకంటే కొంత తగ్గుతుంది గానీ, దాన్ని నమ్ముకుని లిమిట్ దాటొద్దు.

మొన్న ఒక తమ్ముడు స్పీడ్ కోసం అదే ప్రొపెల్లర్ ఉంచి 3ఎస్ నుంచి 4ఎస్‌కి మారాడు. వోల్టేజ్ పెరిగింది మూడో వంతే. కానీ ప్రొపెల్లర్ తీసుకునే పవర్ తిరిగే వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. కాగితం మీద కరెంట్ దాదాపు 1.8 రెట్లు, వేడి మూడు రెట్ల పైన! మోటార్ మార్చకుండా మళ్లీ 3ఎస్ పెట్టించాను, వేడి తగ్గింది. బ్యాటరీ మార్చడం కుదరకపోతే ప్రొపెల్లర్ తగ్గించాలి. 10 అంగుళాల నుంచి 9కి దిగితే అదే వేగం దగ్గర లోడ్ సుమారు మూడో వంతు తగ్గుతుంది.

5. గాలి దారి. ఆంప్స్ లిమిట్‌లోనే ఉన్నా కాలుతుంటే ముక్కు భాగం చూడండి. గాలి లోపలికి రావడానికి రంధ్రం చాలామంది పెడతారు, బయటికి పోయే దారి మర్చిపోతారు. బయటి దారి లోపలి దారికంటే పెద్దగా ఉండాలి. ఇక మన ఎండల సంగతి: మోటార్ బయటి గాలికంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకోండి. పొద్దున 28 డిగ్రీలప్పుడు 68, మే మధ్యాహ్నం 42లో 82! సెటప్ అదే, పొద్దున బతికిన మోటార్ మధ్యాహ్నం పోతుంది.

చివరిగా, ల్యాండ్ అవ్వగానే కాదు, ఒక నిమిషం ఆగి కూడా వేడి చూడండి. గాలి ఆగాక లోపలి వేడి బయటికి వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మంచిది. లేకపోతే వేలు వెనక వైపు మెల్లగా ఆనించండి. కొన్ని సెకన్లు కూడా ఉంచలేకపోతే ఆ రోజుకి ఫ్లైయింగ్ ఆపేయండి.

మీ మోటార్ సైజు, కేవీ, బ్యాటరీ, ప్రొపెల్లర్, వాట్ మీటర్ రీడింగ్, ఈ ఐదూ కామెంట్‌లో రాస్తే కలిసి చూద్దాం. "వేడెక్కుతోంది అన్నా" అని మాత్రం రాస్తే నేనేం చెప్పలేను! ఉంటాను ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.